నలభై మూడు వరుసలు

తప్పులు పట్టే పని అత్తగార్లు ఉచితంగా చేస్తారు. గువ్వ వాళ్ళమ్మకి మాత్రం అదే పనికి నెలనెలా జీతం వస్తుంది. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టరు. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్ని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా వేధించి, అవి ఎక్కడ బోర్లా పడతాయో కనిపెట్టి, ఒక పట్టికలో వరుసగా రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది. మూడే మూడు గడులు. ఆ మూడూ సరిగ్గా నింపితే ఎంత మొండి ప్రోగ్రామరైనా "నా దగ్గర బాగానే పనిచేస్తోందే" అని తప్పించుకోలేడని ఆమె పదేళ్ళ అనుభవం.

అలాంటి మనిషి కూతురి కోసం బడికి వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్తుంది? పట్టికే పట్టుకెళ్ళింది. అందులో నలభై మూడు వరుసలున్నాయి.

గువ్వకి తొమ్మిదేళ్ళు. అసలు పేరు బడి రిజిస్టర్లో భద్రంగా ఉంది, ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకోరు. నాలుగో తరగతి. నోరు మూసేది నిద్రలోనే, అదీ కొన్నిసార్లే. ఒకసారి విన్నది మర్చిపోదు. కానీ పుస్తకం తెరిస్తే అక్షరాలు దాని కళ్ళ ముందు నిలకడగా నిలబడవు. అది ఒక్క పేరా కూడబలుక్కునేసరికి పక్కపిల్లలు పాఠం ముగించి పెన్సిళ్ళు చెక్కుకుంటూ ఉంటారు. మూడు నెలల క్రితం పిల్లల మనస్తత్వ నిపుణురాలు రెండు రోజులు కూర్చోబెట్టి పరీక్షించి, పదకొండు పేజీల రిపోర్టు ఇచ్చింది. డిస్లెక్సియా అంది. తెలివికి లోటు లేదు, చదవడంలోనే చిక్కు. పరీక్షల్లో ప్రశ్నలు ఎవరైనా చదివి వినిపించాలి. అరగంట ఎక్కువ ఇవ్వాలి. పెద్ద జవాబులు నోటితో చెప్పనివ్వాలి. ఇవేవీ బడి చూపించే దయ కాదు, చట్టం ఇచ్చిన హక్కులు అని ఆ మాట కింద గీత గీసి మరీ చెప్పింది.

రిపోర్టు బడికి చేరింది. బడి "పరిశీలిస్తున్నాం" అంది. నెల తర్వాత అడిగితే "పరిశీలనలోనే ఉంది" అంది. ఇంకో నెలకి అడిగితే, ఏ రిపోర్టని అడిగింది. నిమ్మకు నీరెత్తినట్టు వాళ్ళుంటే, మధ్యలో అర్ధ సంవత్సర పరీక్షలొచ్చి గువ్వ అయిదింట్లో నాలుగు తప్పింది. ఇక మిగిలినవి వార్షిక పరీక్షలు, ఆరు వారాల్లో. అందులో కూడా తప్పితే వేరే భవనంలో ఉన్న "ప్రత్యేక విభాగానికి" మారుస్తామని ఉత్తరం వచ్చింది. పేరు బాగుంది కదా అని ఆమె వెళ్ళి చూసొచ్చింది. ఒకటే గది. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా పదహారుమంది పిల్లలు. ఒక టీచరు, ఒక టీవీ. టీవీ దాని పని అది చేసుకుంటోంది, టీచరు ఫోను చూసుకుంటోంది. పాఠం అన్నది ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

ఆ సాయంత్రమే ఆమె పట్టిక మొదలుపెట్టింది.

మీటింగుకి నాన్న కూడా రావాల్సింది. ఆయన లిఫ్టు మెకానిక్. అసలు వాళ్ళ పరిచయమే లిఫ్టులో అయింది: ఆమె ఆఫీసు లిఫ్టులో మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోతే ఆయన వచ్చి తలుపు తెరిచాడు. ఆమె బయటికి రాకుండా, ముందు ఇది ఎందుకు ఆగిందో చెప్పమని నిలబెట్టి అడిగింది. "ముందు బయటికి రండి మేడమ్, తర్వాత చెప్తాను" అన్నాడాయన. ఆ "మేడమ్" పెళ్ళయి పదకొండేళ్ళయినా పోలేదు. ఆమెకి కోపం వచ్చినప్పుడు ఆయన "మెకానిక్ గారు" అవుతాడు.

ఆ రోజు బడి గేటు దాకా ఇద్దరూ కలిసే వచ్చారు. అక్కడ ఆయన ఫోను మోగింది. ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోయింది, లోపల స్ట్రెచర్ మీద మనిషి ఉన్నాడు.

"వెళ్ళు," అందామె.

"ఒక్కదానివే..."

"నాకేం, నలభై మూడు వరుసలున్నాయి."

ప్రిన్సిపల్ గది రెండో అంతస్తులో ఉంది. బల్ల మీద అద్దం, అద్దం కింద పాత బ్యాచుల ఫోటోలు, పక్కన ఎవరూ నీళ్ళు పోయని మొక్క. ప్రిన్సిపల్‌ది మెత్తటి గొంతు. కాగితాలు అందుకుని కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఇవన్నీ మీరే రాశారా?"

"అవును మేడమ్. తేదీలతో సహా."

"రంగులు కూడా వేశారే."

"ఎర్రవి వెంటనే చూడాల్సినవి. పసుపువి కాస్త ఆగొచ్చు."

"ఎర్రవే ఎక్కువున్నాయి."

"అందుకే మేడమ్ త్వరగా సాయం మొదలుపెట్టమంటున్నాను."

ప్రిన్సిపల్ నిదానంగా చదివారు. ఏడో వరుస: బోర్డు మీద చూసి మూడు లైన్లు రాసుకోమంటే అయిదు పదాలు వదిలేసింది. పంతొమ్మిదో వరుస: ప్రశ్న సగమే చదివి, అడగనిదానికి జవాబు రాసింది. ముప్పై ఒకటో వరుస: టీచరు కసిరి పైకి చదవమంటే కడుపునొప్పి అని బాత్రూంకి వెళ్ళి పీరియడ్ అయ్యేదాకా రాలేదు. అలా చివరిదాకా చదివి, కళ్ళద్దాలు తీసి, ఆమె వైపు ఎంతో ఆప్యాయంగా చూశారు.

"చాలా కష్టపడ్డారమ్మా. ఇన్నాళ్ళూ నేను మా కమిటీకి సరిగ్గా చెప్పలేకపోయింది మీరే చెప్పారు. ఈ పాప మామూలు తరగతిలో నెగ్గుకురాలేదు. అంతే కదా దీని అర్థం?"

"కాదు మేడమ్. దీనర్థం..."

"తప్పుగా తీసుకోకండి. ఇంత స్పష్టంగా ఏ తల్లీ ఒప్పుకోదు. పై శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. పరీక్షలదాకా ఆగడం ఎందుకు, అప్పుడే తేల్చేద్దాం. ఇది ఫైల్లో పెట్టిస్తాను."

ఆవిడ ఆ కాగితాలకి క్లిప్పు కూడా పెట్టారు, ఎక్కడ జారిపోతాయోనన్నట్టు.

మెట్లు దిగుతుంటే గానీ ఆమెకి జరిగింది పూర్తిగా తలకెక్కలేదు. కొరివితో తల గోక్కున్నట్టయింది. ఆఫీసులో నలభై మూడు తప్పులు చూపిస్తే నలభై మూడూ సరిచేస్తారు. అంతేగాని, ప్రోగ్రాముని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి వేరే భవనంలో టీవీ ముందు కూర్చోబెట్టరు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు సోఫాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. కోడలి మొహం చూసి గిన్నె పక్కన పెట్టి, జరిగిందంతా విన్నారు.

"ఎన్ని రాశావేంటి మొత్తం?"

"నలభై మూడు."

"నా కొడుకులో కూడా అన్ని దొరకవు."

"దొరుకుతాయి అత్తయ్యా. రాయలేదంతే."

"నవ్వులాట కాదమ్మాయ్. ఊళ్ళోవాళ్ళు పిల్ల మీద చాడీలు చెప్తే తల్లి వెనకేసుకొస్తుంది. నువ్వు చాడీల పుస్తకం అచ్చేయించి ఇచ్చొచ్చావు."

అంతలో నాన్న వచ్చాడు. ఆసుపత్రిలో మనిషి క్షేమమట. బడిలో సంగతి విని చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయాడు.

"నేనుండాల్సింది," అన్నాడు.

"ఉంటే ఏం చేసేవాడివి మెకానిక్ గారూ?"

"ఏమో. కనీసం నీ పక్క కుర్చీ ఖాళీగా ఉండేది కాదు."

గువ్వ లోపలి గదిలోంచి తల బయటపెట్టింది. దాని చెవులు పాముచెవులు.

"అమ్మా, నా గురించి నలభై మూడు రాశావా?"

"ఊఁ."

"అన్ని గుర్తున్నాయా నీకు? అన్నీ మంచివేనా?"

బఠాణీ ఒకటి గిన్నెలోంచి దొర్లి కిందపడింది. అత్తగారు దాన్ని వెతకడానికి చాలాసేపు వంగారు. ఆమె "అన్నం తిందాం రా" అంది.

శనివారాలు గువ్వ నాన్నతో పనికి వెళ్తుంది. ఆ శనివారం ఇంట్లో కూర్చోబుద్ధి కాక ఆమె కూడా వాళ్ళ వెంట వెళ్ళింది. తొమ్మిది అంతస్తుల పాత భవనం. డాబా మీద లిఫ్టు గది. లోపల మోటారు, దాని పక్కన మనిషంత పెద్ద చక్రం, చక్రం మీంచి నల్లటి ఇనుప తాళ్ళు. గ్రీజు వాసన, పావురాల రెట్టలు. తలుపుకి తీగతో కట్టి వేలాడదీసిన అట్ట ఒకటి ఉంది. నెలనెలా లిఫ్టులో చూడాల్సినవి ముప్పై ఒక్కటి అందులో వరుసగా ఉన్నాయి, పక్కన టిక్కు పెట్టడానికి గడులు.

గువ్వ ఆ అట్ట ఒళ్ళో పెట్టుకుని, బోర్లించిన బకెట్టు మీద మహారాణిలా కూర్చుంది. నాన్న చేతులు మోచేతులదాకా గ్రీజులో ఉన్నాయి.

"తర్వాత?" అన్నాడు.

"బ్రేకు."

"బాగుంది."

"తాళ్ళు."

"బాగున్నాయి."

"తాళ్ళ చివర బిగింపులు."

"అవీ బాగున్నాయి."

గువ్వ అట్ట వైపు చూడటం లేదు. గడులు మాత్రం వేలితో లెక్కపెట్టి టిక్కు పెడుతోంది. ముప్పై ఒక్కటీ నోటికొచ్చు దానికి, ఒక్కటి ముందు వెనకా కాకుండా. తర్వాత లిఫ్టుని కిందకీ పైకీ నడిపించి చూశారు.

"ఏడో అంతస్తు తలుపు," అంది గువ్వ.

"కాస్త ఆలస్యంగా పడుతోంది."

"ఆలస్యం కాదు నాన్నా. పడ్డాక మళ్ళీ ఆలోచిస్తోంది. ఒకసారి టక్‌మంది, కాసేపాగి ఇంకోసారి టక్‌మంది."

నాన్న కిందకి వెళ్ళి చూసి, పైకొచ్చి, ఆ తలుపు గొళ్ళెం దగ్గర ఒక స్క్రూ వదులైందని చెప్పాడు. గువ్వ వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి అట్ట చూస్తోంది. ముప్పై టిక్కులు, ఒక్క ఇంటూ.

"బాగున్నవాటికి ఇన్ని టిక్కులెందుకు? ఆ పాడైనదొక్కటి రాస్తే సరిపోదా?"

నాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "నేనూ కొత్తలో అలాగే అనుకున్నా మేడమ్. టైమెందుకు దండగని పాడైన మూడూ రాసి ఓనరుకిచ్చా. లైటు, బటను, తలుపు. పెద్ద జబ్బులేం కావు. ఆయన అది చదివి భయపడి లిఫ్టుకి తాళమేశాడు. ఎనిమిదో అంతస్తులో మోకాళ్ళ నొప్పుల పెద్దావిడ ఉండేది. నెలరోజులు కిందకి దిగలేదు. ఇప్పటికీ నేను కనబడితే మొహం పక్కకి తిప్పుకుంటుంది."

"మూడు తప్పులకే?"

"ఆయనకేం తెలుసు, మిగతా ఇరవై ఎనిమిదీ బాగున్నాయని? నేను చెప్పలేదుగా."

ఆమె డాబా పిట్టగోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కొత్తగా చేరిన టెస్టర్లకి మొదటి వారంలో తనే నేర్పే పాఠం ఒకటుంది. తప్పు ఎప్పుడొస్తుందో రాస్తే సగం పనే. ఎప్పుడు రావట్లేదో కూడా రాయాలి. అప్పుడే ఏది మారిస్తే బాగవుతుందో తెలుస్తుంది. అది మర్చిపోయినవాళ్ళ రిపోర్టుల్ని మొహమాటం లేకుండా తిప్పి పంపేస్తుంది కూడా. సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం ఎటు పోయిందో. ఆ పదకొండు పేజీలు చేతికొచ్చినప్పటి నుంచి రోజూ పిల్ల ఎక్కడ తడబడుతుందా అని పుస్తకం వెనక కాపు కాయడమే సరిపోయింది. లిఫ్టు గదిలో ముప్పై ఒక్కటి అప్పజెప్పే పిల్ల మూడేళ్ళుగా ప్రతి శనివారం ఇక్కడే ఉంది. ఆమె ఒక్కసారీ రాలేదు.

"ఫోనివ్వు," అంది భర్తతో. "నాది ఛార్జింగ్ అయిపోయింది. ఒక పట్టిక మొదలుపెట్టాలి."

"మళ్ళీనా?" అన్నాడాయన, పాపం నిజంగానే భయపడి.

ఈసారి పట్టికలో నాలుగో గడి ఉంది: ఎలా ఇస్తే వచ్చింది. ఆదివారం నుంచి రోజుకో పరీక్ష. ఒకే పాఠం మీద ఒకేలాంటి రెండు ప్రశ్నపత్రాలు. ఒకటి గువ్వ తనే చదువుకుని రాయాలి, రెండోది ఇంకొకరు చదివి వినిపిస్తారు. మొదటిరోజే తేడా తెలిసిపోయింది. తనే చదువుకుంటే పదికి రెండు. వినిపిస్తే ఎనిమిది. అయినా టెస్టరు కదా, ఒక్కసారికి నమ్మదు. పాఠం మార్చింది, వేళ మార్చింది, చదివే మనిషిని కూడా మార్చింది. మంగళవారం పరీక్ష అత్తగారు పెట్టారు.

"అత్తయ్యా, మీరు కళ్ళతో జవాబు చెప్పేస్తున్నారు."

"నా కళ్ళు, నా ఇష్టం."

"ఇది చెల్లదు. కొట్టేస్తున్నా."

"తొమ్మిదొచ్చాయే దానికి."

"అందుకే కొట్టేస్తున్నా."

అత్తగారు రెండు గంటలు మాట్లాడలేదు. మూడో గంటలో వచ్చి, ఈసారి కళ్ళు మూసుకుని చదువుతానన్నారు. కళ్ళు మూసుకుంటే ప్రశ్నలు ఎలా కనిపిస్తాయని గువ్వ అడిగింది.

బుధవారానికి పట్టిక బాగానే నిండింది. కానీ ఆమెకి దాని లోటు కూడా తెలుసు. ఇంట్లో తల్లి పెట్టిన పరీక్షని ఎవరు నమ్ముతారు? బడిలో జరిగింది కావాలి. బడిలో జరిగేది తెలిసిన మనిషి ఒక్కతే, క్లాస్ టీచరు.

సాయంత్రం గేటు దగ్గర పట్టుకుంది. పాతికేళ్ళుంటాయేమో ఆ అమ్మాయికి. భుజాన నోటుపుస్తకాల సంచి, సంచి బరువుకి ఒక పక్కకి ఒరిగిన నడక. ఈమెని చూడగానే ఆగిపోయింది.

"మీ నలభై మూడు వరుసల్లో పదిహేడు నా మీదేగా. నాకు చూపించారు."

"అవును మిస్."

"పన్నెండోది అబద్ధం. పాపని నేను చివరి బెంచీకి పంపలేదు. మైదానం కనబడుతుందని తనే వెళ్ళి కూర్చుంది."

"కొట్టేస్తాను. మిగతా పదహారు?"

టీచరు సంచి ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకుంది. "మిగతావి నిజమే. ముప్పై ఎనిమిది మంది పిల్లలు నాకు. కసురుకుంటాను. ఇంటికెళ్ళాక అయ్యో అనుకుంటాను."

"నేనూ అంతే. నాకు ఒక్కతే పిల్ల, అయినా కసురుకుంటాను. అవి రాసే ముందు మిమ్మల్ని ఒక్కమాట అడగాల్సింది. అడగలేదు, నాదే తప్పు."

గేటు బయట ఆటో ఒకటి ఆగింది, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని పోయింది. అప్పుడు టీచరు చెప్పింది, గొంతు తగ్గించి.

"వారం పరీక్షల్లో ప్రశ్నలు నేనే పైకి చదువుతాను, అందరికీ కలిపి. అలా చదివిన రోజు మీ పాపకి పదికి ఎనిమిది తగ్గవు. అవి రాత పరీక్ష మార్కుల కింద లెక్కకి రావు, రిజిస్టర్లో ఎక్కించొద్దని ప్రిన్సిపల్ మేడమ్ అన్నారు. నా నోటుపుస్తకంలో మాత్రం రాసుకున్నాను."

"ఆ నోటుపుస్తకం..."

"దయచేసి అడక్కండి. నాకింకా ఉద్యోగం పర్మినెంట్ కాలేదు."

అడగాలనే ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ సంచి బరువు చూశాక, "సరే మిస్, అడగను" అనేసి వచ్చింది.

శుక్రవారం అమ్మా నాన్నా ఇద్దరూ వెళ్ళారు. నాన్న ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. ఊళ్ళో లిఫ్టులు ఓ గంటపాటు వాటి ఖర్మకి అవి వదిలేశాడు. కమిటీ అంటే ప్రిన్సిపల్, లెక్కల సారు, క్లాస్ టీచరు. టీచరు వీళ్ళవైపు చూడలేదు.

ఆమె ఒకటే కాగితం బల్ల మీద పెట్టింది. "మేడమ్, పోయినసారి నేనిచ్చింది సగం రిపోర్టే. సగం రిపోర్టు ఇవ్వడం మా వృత్తిలో తప్పు. ఇది మిగతా సగం."

ప్రిన్సిపల్ చదివారు. లెక్కల సారుకి అందించారు. ఆయన చదివి గడ్డం గీరుకున్నాడు.

"ఇంట్లో మార్కులు ఎలాగైనా వస్తాయమ్మా," అన్నారు ప్రిన్సిపల్, అదే మెత్తటి గొంతుతో. "బడి వేరు."

దానికి జవాబు టీచరు నోటుపుస్తకంలో ఉంది. దాన్ని అడగనని ఆమె మాటిచ్చి వచ్చింది. నాన్న ఏదో అనబోయాడు గానీ, ఆమె బల్ల కింద ఆయన మోకాలి మీద చెయ్యేసింది.

క్లాస్ టీచరు వంగి సంచిలోంచి నీలం అట్ట నోటుపుస్తకం తీసింది. పేజీ మడతపెట్టి ఉంది, ఇంటి దగ్గరే మడిచి తెచ్చినట్టు.

"బడిలో కూడా వస్తున్నాయి మేడమ్," అంది. "పద్నాలుగు వారాలవి ఉన్నాయి."

"ఇవి రిజిస్టర్లో లేవే."

"ఎక్కించొద్దని మీరే అన్నారు."

ప్రిన్సిపల్ నోటుపుస్తకం చాలాసేపు తిరగేశారు. ఆవిడ మొహంలో మొదటిసారి మెత్తదనం పోయి అలసట కనిపించింది. అప్పుడే ఆవిడ నిజం మాట్లాడటం మొదలుపెట్టినట్టు అనిపించింది.

"నా బాధ కూడా వినండి. ఒక్క పాపకి చదివి వినిపించడానికి ఒక మనిషిని ఇస్తాను. రేపు ఇంకో పదిమంది తల్లిదండ్రులు వస్తారు. ఎక్కడ్నుంచి తేను మనుషుల్ని?"

"రానివ్వండి మేడమ్," అన్నాడు నాన్న. "మీ బడికి లిఫ్టు ఎవరి కోసం పెట్టించారు?"

"ఒకప్పుడు కాలు విరిగిన సారొకాయన ఉండేవారు. ఆయన కోసం."

"ఇప్పుడు ఆయన లేరుగా. లిఫ్టు ఊరికే ఉందా? ఇందాక మీరు, నేను, ఈ సారు అందరం అందులోనే వచ్చాం. కాళ్ళు నిక్షేపంగా ఉండి. ఒక్కరికని పెడతాం గానీ, అది ఒక్కరికే పనికొచ్చి ఊరుకోదు మేడమ్. అన్నట్టు దాని తలుపు ఒకటి వదులైంది, వెళ్ళేటప్పుడు బిగించి పోతాను."

లెక్కల సారు నవ్వబోయి దగ్గాడు. "లెక్కల్లో చదివి వినిపించడానికేముందండీ, అంకెలే కదా?"

"మీ పోయిన పరీక్షలో ఆరో లెక్క నాలుగు లైన్లుంది సార్," అందామె. "తొట్టి, రెండు పంపులు, ఒక చిల్లు. మా పిల్లకి కూడిక, తీసివేత, భాగహారం అన్నీ వచ్చు. తొట్టి దాకా చేరేలోపే గంట కొట్టారు."

"చదివి వినిపిస్తే ఒప్పుకుంటా. కానీ చేసేది కాగితం మీదే చెయ్యాలి. నోటి లెక్కలు కుదరవు."

"ఒప్పుకుంటున్నాం సార్."

ఆమె ప్రిన్సిపల్ వైపు తిరిగింది. "మేడమ్, ఇది చట్టంలో ఉంది. రిపోర్టు వచ్చి మూడు నెలలు దాటింది. కావాలంటే పైవాళ్ళకి రాయగలను, రాయడం నాకు బాగానే వచ్చని మీరు చూశారు. కానీ ఆ తగవు తేలడానికి ఏడాది పడుతుంది. పిల్లకి పరీక్షలు నాలుగు వారాల్లో ఉన్నాయి. ఈ ఒక్కసారికి ఇచ్చి చూడండి. ఫలితం లేకపోతే ఆ మాట కూడా నేనే రాసి మీకిస్తాను."

ప్రిన్సిపల్ సొరుగులోంచి బడి పేరున్న కాగితం తీసి, తనే రాయడం మొదలుపెట్టారు. ప్రత్యేక విభాగం మాట ప్రస్తుతానికి పక్కన పెట్టడమైనది. వార్షిక పరీక్షల్లో ప్రశ్నలు చదివి వినిపించుటకు లైబ్రేరియన్‌ను నియమించడమైనది. అరగంట అదనపు సమయం. లెక్కలు తప్ప మిగతా వాటిలో పెద్ద జవాబులు నోటితో. సంతకం పెట్టేముందు కాగితం ఆమె వైపు తిప్పారు.

నాన్న అప్పటికే కుర్చీలోంచి లేవబోతున్నాడు. ఆమె లేవలేదు. రెండుసార్లు చదివింది.

"మేడమ్, ఇక్కడ 'వీలునుబట్టి' అని ఉంది. ఎవరి వీలు?"

"అది మామూలుగా రాసే మాటేనమ్మా."

"లైబ్రేరియన్‌కి ఆ రోజు జ్వరం వస్తే? అది కూడా వీలు లేకపోవడమే కదా."

"ఏం రాయమంటారు?"

"ప్రతి పరీక్షకీ అని."

ప్రిన్సిపల్ కాగితం తన వైపు లాక్కున్నారు. "మీ ఆఫీసులో మిమ్మల్ని చూస్తే జనం పారిపోతారా?"

"లిఫ్టులో కూడా ఎక్కరు మేడమ్," అన్నాడు నాన్న.

ఆవిడ ఆ మాట కొట్టేసి, పైన "ప్రతి పరీక్షకీ" అని రాసి, పక్కన పొట్టి సంతకం చేసి, కింద పెద్ద సంతకం చేశారు. ప్రత్యేకంగా నేర్పే టీచరు కావాలన్న మాట మాత్రం వచ్చే ఏడాది చూద్దామన్నారు. అది "పరిశీలిస్తున్నాం"కి చుట్టమేనని ఆమెకి తెలుసు. వచ్చే ఏడాది మళ్ళీ రావాలి. వస్తుంది. బయటికొచ్చాక క్లాస్ టీచరుకి ఏదో చెప్పబోతే, ఆ అమ్మాయి చెయ్యి అడ్డంగా ఊపి, నాలుగో పీరియడ్‌కి ఆలస్యమైందని పరుగెత్తింది.

మొదటి పరీక్ష రోజు ఆమె ఆఫీసుకి పూట సెలవు పెట్టి గేటు దగ్గర నిలబడింది. పన్నెండుకి గంట కొట్టారు. పిల్లలు మూత తీసిన సోడాలా బయటికి పొంగారు. ఆటోలు నిండాయి, స్కూటర్లు కదిలాయి, తల్లులు ఎన్నో ప్రశ్నకి ఏం రాశావని నిలదీసుకుంటూ వెళ్ళిపోయారు. పావుగంటలో రోడ్డు ఖాళీ అయింది. వాచ్‌మన్ ఒక గేటు రెక్క మూసి వచ్చాడు.

"మీ పాప రాలేదేంటమ్మా? లోపల ఎవర్నైనా అడగమంటారా?"

"వద్దు తాతా. దానికింకా టైముంది."

"అందరికీ అయిపోయిందిగా?"

"దానికింకో పావుగంటుంది."

ఆయనకి అర్థం కాలేదు గానీ, తన స్టూలు ఆమెకిచ్చి తను గోడకి ఆనుకున్నాడు. ఇంతకుముందు పిల్లల్లో ఆఖరున గువ్వ కనబడితే ఆమెకి గుండె జారిపోయేది. ఇవాళ కూర్చుని, ఇంకా రాకపోతే బాగుండునని గడియారం చూసుకుంటోంది. పన్నెండూ ఇరవై. ఇరవై అయిదు. రావద్దు, ఇప్పుడే రావద్దు. మొత్తం వాడుకో.

పన్నెండున్నర దాటాక వరండా చివర గువ్వ కనిపించింది. జడ ఒకటి ఊడిపోయింది. వేళ్ళకి ఇంకు. పక్కన లైబ్రేరియన్, చేత్తో గొంతు రాసుకుంటూ వస్తున్నాడు.

"ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివించిందమ్మా," అన్నాడు బొంగురుగా. "నాలుగోది మూడుసార్లు."

"అడగొచ్చని మీరే అన్నారుగా అంకుల్," అంది గువ్వ.

"అన్నాన్లే. బుద్ధి తక్కువై."

ఎలా రాశావని ఆమె అడగలేదు. అడక్కుండా ఉండటానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. గువ్వే చెప్పింది, బ్యాగు ఆమె చేతిలో పడేసి.

"అన్నీ రాశా. ఆఖరుది ఆయన సగం చదవగానే జవాబు తెలిసిపోయింది. పూర్తిగా విను అన్నారు. విన్నా. అదే జవాబు." రెండడుగులు వేసి ఆగింది. "రేపు లెక్కలు కదా. రేపు కూడా ఈయనే చదువుతారా?"

"రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి. అన్ని పరీక్షలకీ."

గువ్వ వెనక్కి తిరిగి లైబ్రేరియన్ని చూసింది. ఆయన వాచ్‌మన్ కూజా ఎత్తి గుక్క తిప్పకుండా నీళ్ళు తాగుతున్నాడు.

"అంకుల్," అని కేకేసింది. "రేపు బాటిల్ తెచ్చుకోండి. పెద్దది."